మెటీరియల్స్ ఎం.టెక్: కాలేజీ పేరు కంటే ముందు ల్యాబ్ చూడాలి

మెటీరియల్స్ ఇంజనీరింగ్ ఎం.టెక్ నాలుగు సెమిస్టర్ల చదువు. మొదటి రెండూ క్లాసులకు పోతాయి, మిగతా రెండూ ప్రాజెక్టుకు. క్లాసుల్లో చెప్పేది మంచి సంస్థలన్నిటిలో దాదాపు ఒకటే: థర్మోడైనమిక్స్, డిఫ్యూజన్ (పరమాణువులు ఘనపదార్థంలోకి చొచ్చుకుపోవడం), ఫేజ్ మార్పులు (లోహం లోపలి నిర్మాణం మారడం), లోహం ఎలా సాగుతుంది, ఎలా విరుగుతుంది, దాన్ని మైక్రోస్కోపు కింద ఎలా చదవాలి. అసలు తేడా రెండో ఏడాదిలో తెలుస్తుంది. కరిగించడానికి కొలిమి సొంత ల్యాబ్‌లో ఉందా, పక్క డిపార్ట్‌మెంట్‌ను బతిమాలాలా? ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు మీద స్లాట్ వారంలో దొరుకుతుందా, రెండు నెలలు ఆగాలా? టెస్టులకు సరిపడా లోహం ఎక్కడి నుంచి వస్తుంది? థీసిస్‌లో ఏం ఉంటుందో, ఆ తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూలో ఏం చెప్పగలరో తేల్చేవి ఇవే. అయినా కౌన్సెలింగ్ రోజుల్లో చాలామంది చూసేది ర్యాంకుల పట్టికనే.

గేట్‌లో ఏ పేపరు?

ఈ బ్రాంచికి ఎం.టెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో రెండు ప్రధాన దారులున్నాయి. మెటలర్జీలో బీటెక్ చేసినవారు ఎంటీ (మెటలర్జికల్ ఇంజనీరింగ్) పేపరు రాస్తారు. మెకానికల్, కెమికల్, ప్రొడక్షన్ నుంచి వచ్చేవారు, ఎమ్మెస్సీ ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ చేసినవారు ఎక్కువగా ఎక్స్‌ఈ (ఇంజనీరింగ్ సైన్సెస్) వైపు చూస్తారు. ఎక్స్‌ఈలో 100 మార్కుల లెక్క ఇలా ఉంటుంది: జనరల్ ఆప్టిట్యూడ్‌కు 15, అందరూ రాయాల్సిన ఇంజనీరింగ్ మ్యాథమెటిక్స్‌కు 15, ఎంచుకున్న రెండు సెక్షన్లకు చెరో 35. మెటీరియల్స్ సైన్స్ సెక్షన్‌కు తోడుగా మెకానికల్ వాళ్లకు సాలిడ్ మెకానిక్స్ లేదా థర్మోడైనమిక్స్ సులువు. పాలిమర్లు చదివినవారికి పాలిమర్ సైన్స్ ఉంది.

ఎక్స్‌ఈ తేలిక అని దానివైపు వెళ్లేముందు రెండు విషయాలు చూసుకోవాలి. అన్ని సంస్థలూ ఎక్స్‌ఈ స్కోరును ఒకేలా లెక్కలోకి తీసుకోవు. పైగా ప్రభుత్వ రంగ సంస్థల ప్రకటనల్లో ఎక్స్‌ఈ పేరు అరుదుగా కనిపిస్తుంది. ఎంటీ రాస్తే ఆ ఇబ్బంది లేదు గానీ, అందులో బ్లాస్ట్ ఫర్నేస్, ఫ్లోటేషన్, లీచింగ్ లాంటి ఖనిజం నుంచి లోహం తీసే పద్ధతులూ ఉంటాయి. మెకానికల్ విద్యార్థి బీటెక్‌లో వాటి ముఖం కూడా చూసి ఉండడు. ఆరేడు నెలల సమయం ఉంటే అదేమీ అసాధ్యం కాదు. రెండు పేపర్లలోనూ మల్టిపుల్ చాయిస్ ప్రశ్నకు తప్పు రాస్తే మూడో వంతు కోత పడుతుంది. అంకె టైపు చేసే ప్రశ్నలకు కోత లేదు, కాబట్టి వాటిని ఖాళీగా వదలడం అనవసరం.

స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఇక్కడ ఏటా కొందరు సీటు పోగొట్టుకునే పొరపాటు ఒకటి ఉంది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ ఇచ్చే ఆఫర్లు కనిపించే కోయాప్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే దరఖాస్తు చేసినట్టేనని అనుకుంటారు. కోయాప్ ఆఫర్లు చూపించే చోటు మాత్రమే. ఒక్కో ఐఐటీ సొంత వెబ్‌సైటులో విడివిడిగా దరఖాస్తు చేసి, ఫీజు కట్టి ఉంటేనే అక్కడ ఏదైనా కనిపిస్తుంది. ఆఫర్ వచ్చాక మూడు దారులు: యాక్సెప్ట్ అండ్ ఫ్రీజ్, రిటైన్ అండ్ వెయిట్, రిజెక్ట్ అండ్ వెయిట్. వద్దనుకున్న ప్రోగ్రామ్ మళ్లీ రాదు. వరంగల్ సహా ఎన్‌ఐటీలకు సీసీఎంటీ అనే వేరే కౌన్సెలింగ్ ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు పీజీఈసెట్ అనే రాష్ట్ర ప్రవేశ పరీక్ష ద్వారా వెళ్లవచ్చు. గేట్ అర్హతతో పూర్తికాల ఎం.టెక్‌లో చేరినవారికి నెలకు 12,400 రూపాయల స్టయిపెండ్ వస్తుంది. దానికి బదులుగా వారానికి ఎనిమిది గంటల దాకా ల్యాబ్ లేదా ట్యుటోరియల్ పని చేయాలి.

ఐఐఎస్సీలో ఎం.టెక్ రీసెర్చ్, మద్రాస్ ఐఐటీలో ఎంఎస్ రీసెర్చ్ లాంటివి వేరే జాతి. వాటిలో కోర్సులు తక్కువ, పరిశోధన ఎక్కువ. రెండేళ్లలో తేలకుండా మూడో ఏడాదిలోకి జారడం మామూలే. అక్కడ ఇంటర్వ్యూ గట్టిగా ఉంటుంది. బోర్డు మీద ఐరన్-కార్బన్ డయాగ్రమ్ (ఏ వేడిలో, ఎంత కార్బన్‌కు స్టీలు ఏ రూపంలో ఉంటుందో చూపే పటం) గీయమంటారు, గీశాక 0.4 శాతం కార్బన్ స్టీలును నెమ్మదిగా చల్లారిస్తే ఏమవుతుందో ఒక్కో మెట్టూ చెప్పమంటారు. పెర్లైట్ (ఇనుము, ఐరన్ కార్బైడ్ పొరల మిశ్రమం) దాదాపు సగం వస్తుందని, ఆ పటం నుంచి వాటాలు లెక్కగట్టే లివర్ రూల్‌తో అక్కడికక్కడే చూపగలిగితే సగం గండం గట్టెక్కినట్టే.

మొదటి ఏడాది ఎక్కడ తడబడతారు?

మెకానికల్ నుంచి వచ్చినవారికి థర్మోడైనమిక్స్ అంటే స్టీమ్ టేబుళ్లు, రాంకిన్ సైకిల్. ఇక్కడ అదే పేరుతో కెమికల్ పొటెన్షియల్, గిబ్స్ ఎనర్జీ వంపులు, వాటికి ఉమ్మడి స్పర్శరేఖలు వస్తాయి. మొదటి మిడ్ పరీక్షలో ఈ ఒక్క కోర్సే చాలామందిని దెబ్బ కొడుతుంది. ఫిజిక్స్ వాళ్లకు క్రిస్టలోగ్రఫీ నీళ్లు తాగినంత తేలిక, కాస్టింగ్, ఫోర్జింగ్ దగ్గర తడుముకుంటారు. మెటలర్జీ వాళ్లకు గణితం దగ్గర బద్ధకం.

డిఫ్యూజన్ లెక్కలను మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు, ఎందుకంటే ఫ్యాక్టరీలో రోజూ వాడేది అదే. స్టీలు గేరును 950 డిగ్రీల దగ్గర కార్బురైజ్ చేస్తున్నారనుకుందాం, అంటే పైపొర గట్టిపడేలా కార్బన్ ఎక్కిస్తున్నారన్నమాట. ఆ ఉష్ణోగ్రతలో ఇనుములో కార్బన్ డిఫ్యూజన్ గుణకం సుమారు 1.6×10⁻¹¹ చదరపు మీటర్లు, సెకనుకు. పది గంటలంటే 36,000 సెకన్లు. రెంటినీ గుణించి వర్గమూలం తీస్తే 0.76 మిల్లీమీటర్లు, కార్బన్ లోపలికి వెళ్లే లోతు స్థూలంగా ఇంత ఉంటుంది. దాన్ని రెట్టింపు చేయాలంటే ఇరవై గంటలు చాలవు, నలభై కావాలి. షిఫ్ట్ ఇంజనీరు డెలివరీ తేదీ చెప్పేటప్పుడు తప్పేది సరిగ్గా ఇక్కడే.

లోహం ఎంత కావాలో ముందు లెక్కేయాలి

ప్రాజెక్టు టాపిక్ మొదటి ఏడాది ఏప్రిల్, మే నెలల్లో ఖరారవుతుంది. ఆ సమయంలో ఫ్యాషన్‌లో ఉన్న పేర్లకు ఆకర్షితులవడం సహజం. ఐదారు లోహాలను దాదాపు సమాన పాళ్లలో కలిపే హై ఎంట్రోపీ అల్లాయ్‌లనే తీసుకుందాం. చాలా ల్యాబ్‌లలో వీటిని ఆర్క్ మెల్టింగ్ కొలిమిలో, ఆర్గాన్ కింద, నీటితో చల్లబడే రాగి పళ్లెం మీద 30 నుంచి 50 గ్రాముల గుండీలుగా కరిగిస్తారు. మూలకాలు బాగా కలవడానికి గుండీని తిరగేస్తూ నాలుగైదు సార్లు కరిగించాలి. మాంగనీసు ఉంటే కరిగించిన ప్రతిసారీ కొంత ఆవిరైపోతుంది, అందుకని తూకం వేసేటప్పుడే కాస్త ఎక్కువ వేసుకుని, చివర్లో అసలు కూర్పు కొలిచి చూసుకోవాలి. కొలవకుండా తూకం అంకెలనే థీసిస్‌లో రాసేవారు ఉన్నారు. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మొదట పట్టుకునేది దాన్నే.

ఇప్పుడు లోహాన్ని విరిగేదాకా లాగి బలం కొలిచే టెన్సైల్ టెస్ట్ సంగతి. ప్రామాణిక చిన్న గుండ్రని శాంపిల్‌కు మధ్య భాగం వ్యాసం 6 మిల్లీమీటర్లు. పట్టుకునే చివరలతో కలిపి 10 మిల్లీమీటర్ల వ్యాసం, 100 మిల్లీమీటర్ల పొడవున్న కడ్డీ నుంచి తీస్తారనుకుంటే, స్టీలు సాంద్రతతో ఒక్కో కడ్డీ దాదాపు 62 గ్రాములు తూగుతుంది. ఒక్కో పరిస్థితికి కనీసం మూడు శాంపిళ్లు లేకపోతే ఫలితాన్ని ఎవరూ నమ్మరు. మూడు రకాల హీట్ ట్రీట్‌మెంట్ పోల్చాలంటే తొమ్మిది శాంపిళ్లు, అంటే అర కిలోకు పైగా లోహం, కోతలో పోయేది కాక. చేతిలో ఉన్నదేమో 30 గ్రాముల గుండీ. అలాంటప్పుడు హార్డ్‌నెస్, చిన్న స్తంభాల మీద కంప్రెషన్, లేదా వైర్ కట్‌తో తీసిన మినీ శాంపిళ్లతో సరిపెట్టుకోవాల్సి వస్తుంది. తప్పేమీ లేదు, కాకపోతే ఆ సంగతి టాపిక్ ఒప్పుకునే రోజునే తెలిసి ఉండాలి. జనవరిలో తెలిస్తే అప్పటికి చేయగలిగింది ఉండదు.

తర్వాత క్యాలెండర్. థీసిస్ జూన్‌లో ఇవ్వాలంటే డేటా అంతా మార్చి చివరికి చేతిలో ఉండాలి, శాంపిళ్లు నవంబరుకు తయారు కావాలి. కాలం తినే టెస్టులను ఇందులో సర్దాలి. వేడిలో, బరువు కింద లోహం నెమ్మదిగా సాగడాన్ని కొలిచే 1000 గంటల క్రీప్ టెస్ట్ ఒక్కటే దాదాపు 42 రోజులు, తుప్పు చూసే 720 గంటల సాల్ట్ స్ప్రే 30 రోజులు. మధ్యలో ఒక్క రాత్రి కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే క్రీప్ టెస్ట్ మళ్లీ మొదటికొస్తుంది. యూపీఎస్ ఉందో లేదో అడగడం చిన్నతనమేమీ కాదు.

శాంపిల్ దగ్గర జరిగే తప్పులు

మైక్రోస్కోపు ఫొటో బాగా రాలేదంటే నూటికి తొంభై సార్లు తప్పు మైక్రోస్కోపుది కాదు, పాలిషింగ్‌ది. ఎమరీ పేపర్ల (సిలికాన్ కార్బైడ్ పూసినవి) మీద 220 నుంచి మొదలై 400, 600, 800, 1000, 1200, 2000 వరకు వెళ్తారు. ఒక్కో పేపరు మారినప్పుడు శాంపిల్‌ను 90 డిగ్రీలు తిప్పి, పాత గీతలు పూర్తిగా పోయేదాకా రుద్దాలి. తొందరపడి ఒక మెట్టు దాటేస్తే 220 నాటి గీత 1 మైక్రాన్ డైమండ్ పేస్ట్ దగ్గర బయటపడుతుంది. అప్పుడు మళ్లీ మొదటి నుంచి. ఒక మెట్టుకూ మరో మెట్టుకూ మధ్య చేతులు, శాంపిల్ రెండూ కడగకపోయినా అదే గతి. అల్యూమినియం, రాగి లాంటి మెత్తని లోహాల్లో ఎమరీ రేణువులు దిగబడిపోతాయి, తర్వాత వాటిని చూసి కొత్త ఫేజ్ కనిపెట్టామని సంబరపడతారు. ఆ మచ్చ మీద ఈడీఎస్ (ఏ మూలకాలున్నాయో చెప్పే పరికరం) పెట్టి చూస్తే సిలికాన్, కార్బన్ కనిపిస్తాయి.

పాలిష్ అయ్యాక లోపలి నిర్మాణం కనిపించేలా ద్రావణంతో ఎచ్చింగ్ చేస్తారు. స్టీలుకు నైటాల్ చాలు: ఇథనాల్‌లో 2 నుంచి 5 శాతం నైట్రిక్ ఆమ్లం, కొన్ని సెకన్లు. టైటానియానికి వాడే క్రోల్ ద్రావణం వేరు, అందులో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అది గాజును తినేస్తుంది, కాబట్టి ప్లాస్టిక్ బీకరే వాడాలి. చర్మం మీద పడితే మొదట పెద్దగా నొప్పి తెలియకపోవచ్చు, లోపల ఎముక దాకా వెళ్తుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ అందుబాటులో లేని ల్యాబ్‌లో ఈ ద్రావణాన్ని ముట్టుకోకూడదు. ఉన్న జెల్ గడువు తేదీ కూడా చూడాలి.

స్ఫటికాల దిశలను మ్యాప్ చేసే ఈబీఎస్‌డీకి ఈ పాలిష్ కూడా సరిపోదు. శాంపిల్‌ను 70 డిగ్రీలు వంచి పెట్టే ఆ పద్ధతిలో సంకేతం పైపొర నుంచి, అంటే కొన్ని పదుల నానోమీటర్ల లోతు నుంచే వస్తుంది. యాంత్రికంగా రుద్దినప్పుడు నలిగిన పొర అక్కడ మిగిలి ఉంటే ప్యాటర్న్ పడదు, మ్యాప్ నిండా నల్ల చుక్కలే. కొల్లాయిడల్ సిలికాతో చివరి పాలిష్, లేదా ఎలక్ట్రోపాలిష్ తప్పదు. గంటల లెక్కన డబ్బు కట్టి తీసుకున్న స్లాట్ ఇలా వృథా కావడం ప్రతి క్యారక్టరైజేషన్ సెంటర్‌లోనూ కనిపించేదే.

ఎక్స్ కిరణాలతో ఫేజ్‌లను గుర్తించే ఎక్స్‌ఆర్‌డీ తీయడం అన్నిటికంటే సులువు, అర్థం చేసుకోవడంలోనే తప్పులు. స్టీలు శాంపిల్‌ను మామూలు కాపర్ ట్యూబ్ మీద పెడితే బ్యాక్‌గ్రౌండ్ విపరీతంగా లేస్తుంది, చిన్న పీకులు అందులో మునిగిపోతాయి. కారణం ఇది: కాపర్ కిరణం శక్తి 8.04 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, ఇనుము శోషణ అంచు 7.11. అంచు దాటిన శక్తి తగలగానే ఇనుము తానే ఎక్స్ కిరణాలు విడుస్తుంది. కోబాల్ట్ ట్యూబ్ శక్తి 6.93, అంచుకు కింద, కాబట్టి ఆ గొడవ ఉండదు. చల్లారాక కూడా స్టీలులో రెండు, మూడు శాతం మిగిలిపోయిన ఆస్టెనైట్ అనే ఫేజ్‌ను కొలవాలనుకున్న ప్రాజెక్టు మొత్తం ఈ ట్యూబ్ ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. ఇంకో తప్పు: పీకు వెడల్పును నేరుగా షెరర్ సూత్రంలో వేసి 'గ్రెయిన్ సైజు 28 నానోమీటర్లు' అని రాసేయడం. ఆ వెడల్పులో పరికరం వాటా, లోపలి స్ట్రెయిన్ వాటా కూడా ఉంటాయి. వాటిని తీసేయకుండా వచ్చిన అంకెకు విలువ లేదు.

టెన్సైల్ మెషీన్‌లో కూడా ఇలాంటి వల ఉంది. శాంపిల్ సాగుదలను నేరుగా కొలిచే ఎక్స్‌టెన్సోమీటర్ పెట్టకుండా, మెషీన్ క్రాస్‌హెడ్ (లాగే అడ్డదూలం) కదలికనే శాంపిల్ సాగుదలగా తీసుకుంటే స్టీలు ఎలాస్టిక్ మాడ్యులస్ (సాగకుండా నిలిచే బిగువు) 200 గిగాపాస్కల్ రావాల్సిన చోట 20, 30 వస్తుంది, ఎందుకంటే పట్టులు, ఫ్రేమ్, జారుడు అన్నీ అందులో కలిసిపోతాయి. యీల్డ్ బలం, గరిష్ఠ బలం మాత్రం ఫరవాలేదు. ఆ మాడ్యులస్ అంకెను థీసిస్‌లో పెట్టడమే తప్పు.

కంప్యూటర్ మీద చేసే ప్రాజెక్టులకు ఈ కష్టాలు లేవని కొందరు అటు మొగ్గుతారు. సాఫ్ట్‌వేర్లలో క్వాంటమ్ ఎస్ప్రెస్సో, ల్యాంప్స్ ఉచితం. వాస్ప్, థర్మో-క్యాల్క్‌లకు లైసెన్స్ కావాలి. అక్కడి తప్పులు అక్కడివి. పరమాణువుల కదలికలను లెక్కించే మాలిక్యులర్ డైనమిక్స్‌లో ఒక్కో అడుగు ఫెమ్టోసెకను స్థాయిలో ఉంటుంది, కాబట్టి లోహాన్ని సెకనుకు దాని పొడవుకు పది కోట్ల రెట్ల వేగంతో లాగాల్సి వస్తుంది. ల్యాబ్ మెషీన్ లాగేది సెకనుకు ఆ పొడవులో వెయ్యో వంతు. రెండు గ్రాఫులూ ఒకే బొమ్మలో వేసి సరిపోలాయనడం సరికాదు.

హైదరాబాద్ సంగతి వేరు

దేశంలో ఈ సబ్జెక్టుకు హైదరాబాద్ అంత దట్టమైన ఊరు ఇంకోటి చెప్పడం కష్టం. కంచన్‌బాగ్‌లో రక్షణ రంగ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్, దాని పక్కనే సూపర్ అల్లాయ్‌లు, టైటానియం, మారేజింగ్ స్టీలు తయారుచేసే మిధాని, ఇనుమేతర లోహాల మీద పనిచేసే ఎన్‌ఎఫ్‌టీడీసీ. బాలాపూర్‌లో పౌడర్ మెటలర్జీ, కోటింగ్‌ల మీద పనిచేసే ఏఆర్‌సీఐ. అణు రియాక్టర్లకు జర్కోనియం గొట్టాలు చేసే ఎన్‌ఎఫ్‌సీ కూడా ఇక్కడే. చదువుల వైపు ఐఐటీ హైదరాబాద్, సెంట్రల్ యూనివర్సిటీ, జేఎన్‌టీయూ. ర్యాంకులో పది స్థానాలు పైనున్న దూరపు సంస్థ కంటే, ఇలాంటి ప్రయోగశాలతో కలిసి ప్రాజెక్టు ఇప్పించగల గైడ్ ఉన్న సంస్థ మేలు కావచ్చు. ఒక్క షరతు: రక్షణ ప్రయోగశాలలో చేసిన పనిని పేపరుగా వేయాలన్నా, థీసిస్‌లో కూర్పు వివరాలు రాయాలన్నా వాళ్ల అనుమతి కావాలి. అది ఆలస్యమైనా సబ్మిషన్ తేదీ మాత్రం వెనక్కి జరగదు.

సీటు ఖరారు చేసే ముందు ఆ డిపార్ట్‌మెంట్‌లో రెండో ఏడాది చదువుతున్నవారిని అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. సెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు), ఎక్స్‌ఆర్‌డీ స్లాట్‌కు ఎన్నాళ్లు పడుతోంది? మెషీన్ నడిపే ఆపరేటర్ ఒక్కరేనా, సెలవు పెడితే ఎవరు? గత ఏడాదిలో ఏ పరికరం ఎక్కువ రోజులు మూలనపడింది? గైడ్‌ను ఎంచుకునేది విద్యార్థా, లాటరీనా? వెబ్‌సైటులో ఉన్న జాబితాలో చిల్లర్ పాడై పక్కన పెట్టిన యంత్రం కూడా మెరుస్తూనే ఉంటుంది.

ఉద్యోగాలు, విదేశాలు

ప్రభుత్వ రంగం మీద ఆశతో చేరేవారు ఒక నిబంధన గుర్తుంచుకోవాలి. గేట్ ద్వారా ఇంజనీర్లను తీసుకునే చాలా ప్రకటనల్లో అర్హత బీటెక్ బ్రాంచి మీదే ఉంటుంది. మెకానికల్ బీటెక్, మెటీరియల్స్ ఎం.టెక్ ఉన్నవారు మెటలర్జీ పోస్టుకు అర్హులు కాకపోవచ్చు. పై డిగ్రీ వచ్చింది కదా అని దరఖాస్తు చేసి, సర్టిఫికెట్ల పరిశీలనలో వెనక్కి వచ్చినవారు తక్కువేమీ కాదు. ప్రైవేటులో స్టీలు, ఆటోమొబైల్, విమాన ఇంజిన్ల డిజైన్ కేంద్రాలు పాతవే. సెమీకండక్టర్ పరికరాలు, బ్యాటరీ సెల్స్ కొత్తగా తోడయ్యాయి. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా పెట్టిన బ్యాటరీ యూనిట్ ఆ కోవలోదే.

జర్మనీకి వెళ్లేవారికి ఏపీఎస్ సర్టిఫికెట్ (చదువు పత్రాలు అసలువేనని నిర్ధారించేది) తప్పనిసరి. వీసాకు చూపాల్సిన బ్లాక్డ్ అకౌంట్ (జీవన ఖర్చులకు ముందే జమచేసే ఖాతా) మొత్తం 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు. ఎక్కువ రాష్ట్రాల ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు, బాడెన్-వుర్టెంబెర్గ్‌లో మాత్రం యూరోపియన్ యూనియన్ బయటివారికి సెమిస్టర్‌కు 1500 యూరోలు. అక్కడ అసలు అడ్డంకి డబ్బు కంటే క్రెడిట్లు. బీటెక్‌లో మెటీరియల్స్ సబ్జెక్టులు తగినన్ని లేవని మెకానికల్ వాళ్ల దరఖాస్తులు తిరిగొస్తాయి. సిలబస్ కాపీలను సబ్జెక్టు వారీగా, గంటలతో సహా జతచేస్తే కొంత మేలు.

అమెరికాలో ఈ కోర్సు స్టెమ్ కిందికి వస్తుంది కాబట్టి చదువు తర్వాత అక్కడే పనిచేయనిచ్చే 12 నెలల ఓపీటీకి మరో 24 నెలలు కలుస్తాయి. ఎంఎస్‌కు ఫండింగ్ మాత్రం అరుదు, ప్రొఫెసర్ల డబ్బు ఎక్కువగా పీహెచ్‌డీ విద్యార్థులకే పోతుంది. థీసిస్ ఆప్షన్ తీసుకోకపోతే ల్యాబ్ అనుభవం లేకుండానే డిగ్రీ చేతికొస్తుంది, ఈ సబ్జెక్టులో అది నష్టం. కన్సల్టెన్సీలు చెప్పని సంగతి ఇంకోటి ఉంది. విమాన, అంతరిక్ష, రక్షణ రంగాల మెటీరియల్స్ ఉద్యోగాల్లో చాలావాటికి ఎగుమతి నియంత్రణ చట్టాల వల్ల అమెరికా పౌరులో, గ్రీన్‌కార్డు ఉన్నవారో కావాలి. టైటానియం, సూపర్ అల్లాయ్‌ల మీద థీసిస్ చేసిన భారతీయ విద్యార్థికి ఆ తలుపులు ఎక్కువగా మూసే ఉంటాయి. సెమీకండక్టర్, బ్యాటరీ, వైద్య పరికరాల కంపెనీల్లో ఈ ఆంక్షలు చాలా తక్కువ. అందుకే అమెరికా వెళ్లేవారు మొదటి సెమిస్టర్‌లో థీసిస్ టాపిక్ తీసుకునేటప్పుడే థిన్ ఫిల్మ్స్, ఎలక్ట్రోకెమిస్ట్రీ, బయోమెటీరియల్స్ లాంటి వాటిని ముందు వరుసలో పెట్టుకుంటే ఉద్యోగం వెతికేటప్పుడు ఇబ్బంది తగ్గుతుంది.